రోము బహుమతి పోటీలో బృందగానరచన : పరీక్షయు, ప్రతిభయు

నూతనముగా రచన కుపక్రమించిన ప్రతిభావంతుని గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్న సాహిత్యమునకును సంగీతమునకును సమానమైనదే. మన సాహిత్యమున సమస్యాపూరణము, దత్తపది, నిషేధాక్షరి మున్నగు పరీక్షలు కవి యొక్క భాషాధికారమును, ఛందఃపాటవమును, స్ఫురణశక్తిని కొలువగలవు. ఆ కొలతకు లొంగని గుణ మొకటి కవిత్వమున కలదని మన విమర్శకులే పలుమారులు చెప్పియున్నారు. ఈ సమస్యయే సంగీతరంగమున ఫ్రాన్సు దేశమందు 1803 మొదలు 1968 వరకు, అనగా 165 సంవత్సరములు, ఒక ప్రభుత్వ పోటీ రూపమున నిలిచియుండెను. దానికి ‘రోము బహుమతి’ యని పేరు. ఆ పోటీకి ద్వారముగా నుండిన బృందగానరచనను కేంద్రముగా గొని, పరీక్షకును ప్రతిభకును గల సంబంధమును విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

రోము బహుమతి మొదట చిత్రకారులకును శిల్పులకును ఏర్పడినది. పదునేడవ శతాబ్దమున పదునాల్గవ లూయీ కాలమునందే ఈ సంప్రదాయము నెలకొన్నది. సంగీతరచయితలకు దానిని విస్తరించినది 1803లో. ఆ సంవత్సరము తొలి బహుమతిని పొందిన ఆల్బేర్ ఆంద్రో రోము నగరమునకు పోయి, మరుసటి సంవత్సరమే అచ్చట మరణించెను. ప్రథమ బహుమతి పొందినవారికి రోములోని మెడిచీ సౌధమున నివాసమును, కొన్ని సంవత్సరములపాటు ప్రభుత్వ వేతనమును లభించుచుండెను. జీవనోపాధికై పాఠములు చెప్పుకొనుచు, నాటకశాలల చుట్టు తిరుగవలసిన యువకునకు ఇది యెంతటి యవకాశమో వేరుగ చెప్పనక్కరలేదు. గూనో 1839లోను, బిజే 1857లోను, మాస్నే 1863లోను ఈ బహుమతిని పొందినవారే.

అభ్యర్థి ఫ్రెంచి పౌరుడై, ముప్పది యేండ్లు నిండనివాడై, అవివాహితుడై యుండవలెనని నియమము. పోటీ రెండంచెలుగా జరుగుచుండెను. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము నాటికి తొలి యంచెలో రెండు రచనలు చేయవలసి యుండెను : ఒకటి ఫ్యూగు, రెండవది వాద్యబృంద సహితమైన బృందగానము. ఇందు నెగ్గిన కొలదిమంది మాత్రమే తుదిపోటీకి అర్హులు. తుదిపోటీలో ఏక గాయకులకును వాద్యబృందమునకును ఉద్దేశింపబడిన ‘కాంటాటా’ యను నాటకీయ గేయప్రబంధమును రచింపవలెను.

ఇచ్చట మన పాఠకులకు కొంత వివరణ మావశ్యకము. మన సంగీతము రాగప్రధానము. ఎందరు కలసి పాడినను పాడునది సాధారణముగా ఒకే స్వరమార్గము. పాశ్చాత్య బృందగానమం దట్లు గాదు. స్త్రీలయొక్క హెచ్చు, తగ్గు స్థాయి కంఠములును, పురుషులయొక్క హెచ్చు, తగ్గు స్థాయి కంఠములును నాలుగు వేర్వేరు మార్గములలో నడచుచు, ప్రతిక్షణమును ఒకదానితో నొకటి పొసగవలెను. ప్రతి కంఠమునకును తనదైన నడక యుండవలెను. నాల్గింటి కలయికలో దోషము కలుగరాదు. గేయములోని మాట శ్రోతకు వినబడవలెను. ఫ్యూగు ఇంకను కఠినమైనది. ఒక కంఠము ప్రతిపాదించిన స్వరవాక్యమును తక్కిన కంఠములు ఒకదాని వెంట నొకటి యందుకొని, నియతమైన పద్ధతిలో విస్తరింపజేయును. దీనిని మన చిత్రకవిత్వముతో పోల్చిన కొంత బోధపడవచ్చును. పాండిత్యము లేనిదే బంధము నిలువదు, పాండిత్యమున్నంత మాత్రమున రసము పుట్టదు.

అందుచేత ఫ్యూగు శిక్షణను, బృందగానము శిక్షణతోపాటు ఊహను పరీక్షించునని ఏర్పాటు చేసినవారి యభిప్రాయమై యుండునని తోచుచున్నది. ఫ్యూగునకు స్వరవాక్యమును, బృందగానమునకు కవితను పరీక్షకులే నిర్ణయించి యిచ్చుచుండిరి. అభ్యర్థుల నందరిని కొన్నిదినములపాటు వేర్వేరు గదులయం దుంచి, బయటివారి సహాయ మందకుండ కట్టడి చేయుచుండిరి. తొలి యంచెకు సుమారు ఆరుదినములు, తుదిపోటీకి సుమారు ఒక మాసము గడువు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఈ నిర్బంధవాసము పారిస్‌కు ఈశాన్యముననున్న కోంపియేన్ రాజప్రాసాదమున జరిగినది. ఒకే కవిత, ఒకే గడువు, ఒకే కట్టడి : బాహ్యనియమములను చూచినచో ఇంతకంటె న్యాయమైన పరీక్ష యుండ దనిపించును.

కాని నిర్ణేతల కూర్పును పరిశీలించినపుడు వేరొక చిత్రము కానవచ్చును. తుది నిర్ణయము లలితకళా పరిషత్తుది. అందు సంగీతజ్ఞులతోపాటు చిత్రకారులు, శిల్పులు, వాస్తువేత్తలును సభ్యులు; వారందరును సంగీత బహుమతిపై వోటు వేయుచుండిరి. వాద్యబృందము కొరకు వ్రాయబడిన కాంటాటాను పియానోపై వాయింపజేసి విని తీర్పు చెప్పుచుండిరి. ఈ పద్ధతిని బెర్లియోజ్ తన ఆత్మకథలో తీవ్రముగా ఎత్తిపొడిచినాడు. ఆయన 1826లో తొలి యంచెలోనే తప్పిపోయెను. 1827లో తుదిపోటీకి చేరెను గాని, ఆయన రచన పియానోపై వాయింప సాధ్యము గానిదని త్రోసివేయబడినది. 1828లో ద్వితీయ బహుమతి వచ్చినది. 1829లో ప్రథమ బహుమతి నెవ్వరికిని ఈయలేదు. 1830లో, పారిస్ వీధులలో జూలై విప్లవము చెలరేగుచున్న దినములలో, ఆయనకు ప్రథమ బహుమతి లభించినది. ఆ యేటి ఇతివృత్తము సార్దనపాలుడను అస్సీరియా రాజు యొక్క మరణము. అందు ప్రాసాదదహన ఘట్టము అత్యంత సాహసికమైన భాగము. దానిని బెర్లియోజ్ పోటీప్రతిలో చేర్చక, బహుమతి నిశ్చయమైన పిదప బహిరంగ ప్రదర్శనకై చేర్చెను. పరీక్షకుల యెదుట తన ప్రతిభను దాచుకొనుటయే ప్రతిభావంతుని నేర్పయినదన్నమాట. ఈ పోటీ చరిత్రలో ఇది తొలి హెచ్చరికగా గ్రహింపదగినది.

ఈ సందర్భమున సాన్ సాన్స్ చరిత్ర కూడ స్మరణీయము. ఆయన 1852లోను, మరల 1864లోను పోటీచేసి, రెండుమారులును ప్రథమ బహుమతి పొందజాలకపోయెను. రెండవమారు పోటీచేయునాటికే ఆయన పేరొందిన సంగీతజ్ఞుడు. ఆయనయే 1881లో పరిషత్తు సభ్యుడై, తరువాతి తరములకు తీర్పు చెప్పు పీఠముపై కూర్చుండెను.

బృందగాన పరీక్ష యొక్క గుణదోషములను దెబుస్సీ యుదాహరణము స్పష్టపరచును. ఆయన తొలి యంచె కొరకు మూడు బృందగానములు వ్రాసెను. 1882 నాటిది వసంతమునకు స్వాగతము పలుకు స్త్రీకంఠముల గీతము. దానితో ఆయనకు తుదిపోటీ ప్రవేశము దొరకలేదు. 1883లో లామార్తీన్ కవితకు పురుషకంఠములతో వ్రాసిన ‘ఆవాహనము’ ఆయనను తుదిపోటీకి చేర్చినది. ఆ యేడు ద్వితీయ బహుమతి వచ్చినది. 1884లో మరల వసంతమే వస్తువుగా వ్రాసిన బృందగానముతో ముందడుగు వేసి, ‘తప్పిపోయిన కుమారుడు’ అను కాంటాటాతో ప్రథమ బహుమతిని గెలిచెను. గురువైన గీరో పూర్వము ఈ బహుమతిని పొందినవాడు. పోటీ మర్మ మెరిగినవాడు. శిష్యుడు స్వతంత్రముగా వ్రాయుచున్న వేరొక రచనను చూచి, బహుమతి కావలెనన్న అట్టి వానిని తరువాతికి దాచుకొమ్మని హితవు చెప్పినట్లు ప్రసిద్ధి. దెబుస్సీ ఆ హితవును పాటించెను; నెగ్గెను. రోమునుండి 1887లో ఆయన పంపిన ‘వసంతము’ అను రచనయందు కంఠముల బృందము మాటలు లేకయే, వాద్యములలో నొకటియై పాడును. పరిషత్తు తన నివేదికలో ఆ రచనయందలి అస్పష్టతను తప్పుపట్టి, అట్టి ధోరణికి లోనుకావలదని హెచ్చరించినది. మూడుమారులు బృందగానమున పరీక్షించి యెన్నుకొన్న రచయిత, బృందగానమును తన కిష్టమైన రీతిలో వాడుకొనగానే అదే సంస్థకు అపరిచితుడయ్యెను.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి పరీక్ష ప్రతిభను కొంత అణచినను, ఆపలేకపోయినదని యనవచ్చును. 1905లో ఆ సమాధానము కూడ చెల్లనిదయ్యెను.

మోరిస్ రావెల్ ఈ పోటీలో ఐదుమారులు పాల్గొనెను. 1900లో తొలి యంచెకు వ్రాసిన బృందగానము పేరు ‘బయదేరులు’. భారతీయ నర్తకీమణులను ఐరోపావారు వ్యవహరించిన పదమది. ఆ యేడు ఆయన తుదిపోటీకి చేరలేదు. 1901లో చేరి, తృతీయస్థానమున నిలిచెను. ప్రథమ బహుమతి ఆంద్రే కాప్లే పొందెను. 1902లోను, 1903లోను తుదిపోటీవరకు పోయియు ఏ బహుమతియు లేక మరలెను. 1904లో పోటీచేయలేదు. 1905 నాటికి వయోనియమమునుబట్టి అదియే కడపటి యవకాశము. ఆ సంవత్సరము ‘ఉషస్సు’ అను బృందగానమును, ఒక ఫ్యూగును వ్రాసి యొప్పగించెను. పరీక్షకులు ఆయనను తొలి యంచెలోనే నిరాకరించిరి.

అప్పటికి రావెల్ అజ్ఞాతుడగు విద్యార్థి కాడు. ‘నీటి యాటలు’ అను పియానో రచన 1901లోను, తంత్రీవాద్య చతుష్టయము 1903లోను పూర్తియైనవి. ‘షెహరజాద్’ అను గీతత్రయము 1904లో పారిస్‌లో వినిపింపబడినది. అట్టివాడు తుదిపోటీకే అర్హుడు కాడనుట పత్రికలలో కలకలము రేపినది. పరీక్షకుల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. రావెల్ ఫ్యూగులో శాస్త్రనియమములకు విరుద్ధములైన ప్రయోగములు కలవు. ముగింపులో, విశ్రాంతి నీయవలసిన చోట, సప్తమస్వరముతో కూడిన స్వరసముదాయమును నిలిపినాడు. యతిస్థానమున యతి తప్పిన పద్యమును పరీక్షకుడు త్రోసిపుచ్చుట దోషమా? నియమమును పరీక్షించుటకే ఏర్పడిన అంచెలో నియమోల్లంఘనము చేసినవానిని నిరాకరించుట వారి యధికారములోనిదే యని వాదింపవచ్చును.

కాని వివాదము ఇచ్చట నిలువలేదు. తుదిపోటీకి ఎన్నుకొనబడిన ఆరుగురును ఒకే గురువు శిష్యులని తెలియవచ్చినది. ఆ గురువు షార్ల్ లెనెవో పారిస్ సంగీత విద్యాలయమున ఆచార్యుడు. ఆ పరీక్షకవర్గమున తానును సభ్యుడు. దీనితో ప్రశ్న స్వరూపమే మారిపోయినది. రావెల్ ఫ్యూగు దోషయుక్తమా, నిర్దోషమా యనునది వెనుకబడి, గురువే తన శిష్యులను తూచుట యుక్తమా యను ప్రశ్న ముందునకు వచ్చినది. గాంధీజీ, రామకృష్ణ పరమహంసల చరిత్రలు వ్రాసి మనకు చిరపరిచితుడైన రోమా రోలా నాడు సంగీతచరిత్రకారుడుగా నుండెను. ఆయన లలితకళా శాఖాధికారియైన పోల్ లేయోనునకు లేఖ వ్రాసి రావెల్ పక్షము వహించెను. తాను రావెల్‌కు మిత్రుడు కాననియు, ఆయన కళయందు తనకు ప్రత్యేకాభిమానము లేదనియు ముందుగా చెప్పి, న్యాయమును మాత్రమే ఆశ్రయించి వాదించుట ఆ లేఖకు బలమును చేకూర్చినది. అభిమానముతో సమర్థించువాని సాక్ష్యము కంటె అభిరుచి భేదముండియు సమర్థించువాని సాక్ష్యము విలువైనది.

ఈ వృత్తాంతమును చెప్పువారు, వివాదఫలితముగా విద్యాలయాధ్యక్షుడు తెయొదోర్ ద్యుబ్వా పదవినుండి తొలగింపబడెనని తరచుగా వ్రాయుదురు. ఆధునిక పరిశోధకులు దీనిని సవరించియున్నారు. ద్యుబ్వా విరమణ నిర్ణయము అంతకు పూర్వమే వెలువడినది. అయినను ఆయన స్థానమునకు లెనెవో రాక, రావెల్ గురువైన గాబ్రియెల్ ఫోరే నియుక్తుడగుట మాత్రము గమనింపదగినది. ఫోరే చేసిన మార్పులలో ముఖ్యమైనది, ప్రవేశపరీక్షలకు విద్యాలయమునకు వెలుపలి సంగీతజ్ఞులను నిర్ణేతలుగా చేర్చుట. తమ శిష్యులను తామే చేర్చుకొను నలవాటునకు దీనివలన అడ్డుకట్ట పడినది. ఆచార్యులు కొందరు కోపించి, ఫ్రెంచి విప్లవనాయకుడగు రోబెస్పియేరు పేరుతో ఆయనను పిలిచిరట. 1905 నాటి యుదంతము సంగీతవిద్యకు నేర్పిన పాఠము రావెల్ గొప్పతనము కాదు. అది కాలమే నేర్పెడిది. పాఠము, బోధకుని స్థానమును నిర్ణేత స్థానమును వేరుపరుపవలెననునదే.

ఇదే దశకమున మరియొక ద్వారము తెరువబడినది. అంతవరకు స్త్రీలకు ఈ పోటీలో ప్రవేశము లేదు. 1903లో విద్యామంత్రి షోమియే వారికి ప్రవేశము కల్పించెను. 1904లో ఎలెన్ ఫ్లరీ సంగీతశాఖలో బహుమతిని పొందిన మొదటి స్త్రీ యయ్యెను. అది క్రింది శ్రేణి బహుమతియే. 1908లో నాదియా బులాంజే తొలి యంచెలో కంఠములకు వ్రాయవలసిన ఫ్యూగును తంత్రీవాద్యములకు వ్రాసెను. ఈయబడిన స్వరవాక్యము వాద్యములకే తగినదని ఆమె తలచినది. సాన్ సాన్స్ దీనిని నియమధిక్కారముగా భావించి తీవ్రముగా ఆక్షేపించెను. పత్రికలలో చర్చ జరిగినది. తుదకామె పోటీలో కొనసాగి, ద్వితీయ శ్రేణి బహుమతి నందెను. మూడేండ్లకు పూర్వము రావెల్‌ను ఆపిన నియమోల్లంఘనము ఈమెను ఆపలేదు. 1905 నాటి గాయము నిర్ణేతలకును జ్ఞాపకమున్నదేమో యని ఊహించుట అసంగతము కాదు.

ఆమె చెల్లెలు లిలీ బులాంజే 1912లో పోటీచేసి, అనారోగ్యముచేత విరమించుకొనెను. బాల్యమునుండి రోగపీడితయైన ఈమె పోటీకై చేసిన సాధనలో ప్రధానభాగము బృందగానములే. 1913లో మరల ప్రవేశించి, ‘ఫౌస్టును హెలెనాయును’ అను కాంటాటాతో ప్రథమ బహుమతిని గెలిచెను. పరిషత్తులోని 36 వోట్లలో 31 ఆమెకు లభించినవి. సంగీతశాఖలో ప్రథమ బహుమతి నందిన మొదటి స్త్రీ ఆమెయే. అప్పటి కామెకు పంతొమ్మిదేండ్లు. 1918 మార్చిలో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున మరణించినది.

ఆమె రచనలలో ఒకటి మనకు ప్రత్యేకముగా ఆసక్తి కలిగించును. 1914–1917 నడుమ రచింపబడిన ‘ప్రాచీన బౌద్ధ ప్రార్థన’ ఒక పురుష గాయకునకును, బృందమునకును, వాద్యములకును ఉద్దేశింపబడినది. సర్వప్రాణులు వైరరహితులై సుఖముగా నుండవలెనను మైత్రీభావన దాని వస్తువు. దాని మూలము పాలీభాషలోని ‘విశుద్ధిమగ్గము’. సుజాన్ కార్పెలేస్ ఫ్రెంచిలోనికి తెచ్చినది. ఆ గ్రంథకర్త బుద్ధఘోషునకు ఆంధ్రదేశముతో సంబంధమున్నదని కొందరు పండితుల యభిప్రాయము. ఐరోపా మహాయుద్ధమున మునిగియున్న దినములలో ఈ ప్రార్థన పారిస్ యువతి చేతిలో బృందగానమైనది. పోటీకై అలవడిన నాలుగు కంఠముల నేర్పు ఇచ్చట పరీక్షకుని కొరకు గాక, తనకు చెప్పవలసిన మాటకొరకు వినియోగపడినది. నియమశిక్షణ వ్యర్థము కాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము వెదకనక్కరలేదు.

తరువాతి చరిత్రయు మిశ్రమమే. మెస్సియాన్ 1930లోను, 1931లోను పోటీచేసి విఫలుడయ్యెను. ద్యూతియ్యూ 1938లో నెగ్గెను. ఇరువురును ఇరువదవ శతాబ్ది ఫ్రెంచి సంగీతమునకు మూలస్తంభములే. 1968 నాటి విద్యార్థి సంక్షోభానంతరము, ఆంద్రే మాల్రో సాంస్కృతిక మంత్రిగా నుండగా, ఈ పోటీ రద్దుచేయబడినది. ఆ సంవత్సరము ఆలెన్ లూవియే పొందినదే సంగీతమున కడపటి ప్రథమ బహుమతి. మెడిచీ సౌధవాసము మాత్రము వేరు పద్ధతిలో యెంపికయైన కళాకారులకు నేటికిని లభించుచున్నది.

పై విచారణవలన రెండంశములు తేలుచున్నవి. మొదటిది : బృందగాన పరీక్ష అసమర్థత, పరీక్షావస్తువునం దంతగా లేదు. అదే పరీక్ష దెబుస్సీని ఒకమారు ఆపి, రెండుమారులు పోనిచ్చినది. లిలీ బులాంజేకు శిక్షణ నిచ్చినది. లోపము ముఖ్యముగా నిర్ణేతల కూర్పులో నుండెను. గదులకు తాళములు వేసి అభ్యర్థులను బయటివారి ప్రభావమునుండి కాపాడిరి. కాని నిర్ణేతలను వారి శిష్యవాత్సల్యమునుండి కాపాడు తాళ మెచ్చటను లేకపోయెను.

రెండవది : నెగ్గినను తప్పినను, ఈ పోటీకై వ్రాయబడిన బృందగానములు చరిత్రకారునకు అమూల్యములైన ఆధారములు. ఒకే కవితను, ఒకే గడువులో, ఒకే కట్టడిలో పలువురు యువకులు స్వరపరచిన సందర్భములు కళాచరిత్రలో అరుదు. రావెల్ ‘ఉషస్సు’ను ఆయన మహారచనల సరసన నిలిపి చిన్నదని తీసివేయుట సులభము. ఆ యేడు నెగ్గినవారి బృందగానముల ప్రక్కన నుంచి పరిశీలించినపుడే, పరీక్షకులు దేనిని విన్నారో, దేనిని వినలేకపోయినారో తెలియును. ఓడినవాని ప్రతిని మాత్రమే చదివి పరీక్షకులను నిందించుటయు, నెగ్గినవాని ప్రతిని చదువకయే మరచుటయు పరిశోధనకు తగని పనులు. పరీక్షలను నిర్వహించు బాధ్యత గల ఉపాధ్యాయులకును, పరీక్షలకు కూర్చుండు విద్యార్థులకును ఈ వృత్తాంతము దూరదేశపు ముచ్చట కానేరదు.